రేవు దగ్గర వెనక్కి వేసిన అడుగు

ఆటలు తయారుచేసే ఆఫీసులో పనిచేశానంటే మా ఇంట్లో పిల్లలు ఇప్పటికీ నవ్వుతారు. "ఛాయ్ ఇచ్చినవ్, అంతే కదా నానమ్మా" అంటారు. ఇచ్చాను. కప్పులు కడిగాను. తాళంచెవి నా కొంగునే ఉండేది కాబట్టి పొద్దున్నే తలుపు తీసేదాన్నీ నేనే. కానీ ఆ ఆఫీసులో కొంతకాలం నేను పడవ నడిపే ముసలమ్మను కూడా. ఆ సంగతే చెబుతాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మీబోటి వాళ్లకు ఇది పనికొస్తుందో లేదో తెలియదు. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. చదివినది నిలవలేదు గానీ విన్నది మాత్రం నన్ను వదిలి పోదు.

ఆఫీసు సికింద్రాబాద్ పద్మారావు నగర్‌లో, ఒక పాత ఇంటి పై వాటా. తెలంగాణ, ఆంధ్ర ఇంకా ఒక్కటిగా ఉన్న రోజులు. ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు కొత్తగా తిరుగుతున్నాయి. స్టేషన్ దగ్గరే కావడంతో రైలు కూత వినిపించని గంట ఉండేది కాదు. ఇంటి ఓనరు కింద ఉండేవాడు. పైన పగలంతా కంప్యూటర్ల ముందు కూర్చుని బొమ్మల్ని నడిపించే ఈ పిల్లలు అసలు ఏం పని చేస్తున్నారో ఆయనకు చివరిదాకా అర్థం కాలేదు.

నాకు మాత్రం అర్థమైంది. దూరదేశంలో ఒక కంపెనీకి ఒక ఆట ఉంది, బల్ల చుట్టూ కూర్చుని ఆడేది. మన వైకుంఠపాళీ లాంటిది కాదు. ఒక్కొక్కరు ఒక్కో వేషం తీసుకుంటారు: ఒకరు వైద్యుడు, ఒకరు దొంగ, ఒకరు సిపాయి. ఇంకొకరు కథ నడుపుతారు. "మీరు అడవిలో ఉన్నారు, ఎదురుగా వాగు. ఏం చేస్తారు?" అని అడుగుతారు. మనం చేసేది నోటితో చెప్పాలి. అది జరిగిందో లేదో పాచికలు తేలుస్తాయి. ఆ ఆటకు ఇటుకంత లావు పుస్తకం, దాని నిండా నియమాలు. ఆ ఆటను ఉన్నది ఉన్నట్టు కంప్యూటర్‌లోకి ఎక్కించడం మావాళ్ల పని. ఉన్నది ఉన్నట్టు! మా బాస్ రోజుకు పదిసార్లు అనే మాట అది.

సరిగ్గా ఎక్కిందో లేదో చూడటానికి వాళ్లొక పద్ధతి పెట్టుకున్నారు. ముందు గదిలో బల్ల మీద ఆడేవారు. పక్క గదిలో అదే ఆటను కంప్యూటర్‌లో నడిపేవారు. రెండు గదుల మధ్య కిటికీ ఉండేది. ఇక్కడ పాచిక ఎంత పడితే అంత అక్కడికి కేకేసి చెప్పాలి. వాళ్లు అదే అంకె కంప్యూటర్‌కు ఇస్తారు. ఇక్కడ దొంగ గోడ ఎక్కితే అక్కడా ఎక్కాలి. ఇక్కడ జారిపడితే అక్కడా పడాలి. తేడా వస్తే ఎక్కడో తప్పు ఉన్నట్టు.

కేకేసే పని నాకొచ్చింది. గొంతు పెద్దది కదా. "పదిహేడు!" అని నేను అరిస్తే కిటికీ అవతల కూర్చున్న అమ్మాయి నవ్వేది. "మా నాయన దుకాణంల హర్రాజ్ పాడినట్టే ఉన్నదమ్మా" అనేది. ఆ పిల్లది బోయిన్‌పల్లి. తండ్రికి అక్కడి మార్కెట్‌లో కూరగాయల దుకాణం. ప్రోగ్రాము రాయడంలో ఆఫీసు మొత్తానికి గట్టిదని అందరూ అనేవారు.

కథ నడిపే పని ఒక ముస్లిం సారుది. అంతకుముందు కంటోన్మెంట్‌లో డ్రాయింగ్ మాస్టరుగా పనిచేశాడట. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. ఆయన నోరు తెరిస్తే గదిలో చల్లగాలి వీచేది. ఒకరోజు ఒక మనిషి తక్కువైతే నన్ను కూర్చోమన్నాడు.

"నాకేం తెలుసు సారూ?"

"తెల్వకుంటనే మంచిది అక్కా. పడవ నడిపే ముసలామె ఎవ్వలకూ వద్దట. నువ్వు తీస్కో. ఎదురుంగ రేవు ఉన్నది. ఏం చేస్తవ్?"

"అన్నం తింటం. ఆకలి కడుపుతోని వాగుల దిగుతరా ఎవలన్న?"

అందరూ పకపకా నవ్వారు. సారు నవ్వలేదు. పుస్తకం తిప్పి, "తినుడుకు సుత రూల్ ఉన్నది ఇండ్ల" అని పాచిక నా చేతికిచ్చాడు. అంకె పడింది. నేను కిటికీలోకి అరిచాను. అవతలి గదిలో గొడవ షురూ అయింది. వాళ్ల కంప్యూటర్‌లో అన్నం తినే ఏర్పాటే లేదు.

మా బాస్ కోస్తా మనిషి, కుర్రవాడు. తల పట్టుకున్నాడు. "ఆంటీ, బల్ల దగ్గర మీకు నోరుంది. ఏదైనా అనొచ్చు. మెషీన్‌లో బటన్లే ఉంటాయండీ. బటన్ లేని పని ఎవరూ చేయలేరు."

"మరి ఉన్నది ఉన్నట్టు అంటరు గద బాబూ?" అన్నాను. నేను హాస్యానికే అన్నాను. ఆయనకు మాత్రం గుచ్చుకుంది. మూడు రోజులు నా ఛాయ్ మెచ్చుకోలేదు.

ఇక ఆ పుస్తకంలో గెస్టు అని ఇంకో వేషం ఉంది, ఎవరూ తీసుకోకూడనిది. అందులో రాసిన దేశంలో అన్నీ రేవులే. ఏదో ఒక రేవు దగ్గర ఒక మనిషి మునిగిపోయాడట. ఎవరో, ఏ ఊరివాడో ఎవరికీ తెలియదు. దారిన పోయేవాళ్ల వెనకాల చివర్న అతనూ నడుస్తుంటాడు. అందుకని బల్ల దగ్గర ఎప్పుడూ ఒక కుర్చీ ఖాళీగా ఉంచాలి. అతని వంతు వచ్చినప్పుడు కథ నడిపేవాడు ఎడమచేత్తో పాచిక వేయాలి. ఆ కాసేపు ఎవరూ మాట్లాడకూడదు. అతనికి పేరు పెట్టకూడదు. ఆట ముగిశాక కుర్చీని గోడవైపు తిప్పి, అతన్ని పంపించేయాలి.

మొదట్లో దాన్ని తమాషాగానే తీసుకున్నాం. ఖాళీ కుర్చీ ముందు కూడా నేనొక కప్పు ఛాయ్ పెట్టేదాన్ని. మా ఇంట్లో వండేటప్పుడు వచ్చిపోయేవాళ్ల కోసం ఒక గుప్పెడు బియ్యం ఎక్కువ పోసే అలవాటు, ఆ లెక్కనే. సాయంత్రానికి కప్పు ఖాళీగా ఉండేది. సారు తాగాడనుకునేదాన్ని. ఆట అయిపోయాక సారు కుర్చీని గోడవైపు తిప్పి, "ఇగ పోయిరా భాయ్" అనేవాడు. మేమూ అనేవాళ్లం, "పోయిరా, పోయిరా" అని. అందరం దిగిపోయాక నేను తాళం వేసేదాన్ని.

పొద్దున తలుపు తీస్తే కుర్చీ బల్లవైపు తిరిగి ఉండేది.

తాళంచెవి నా దగ్గరే కదా. మొదటిసారి నేనే మరచిపోయి ఉంటానులే అనుకున్నాను. తర్వాత కూడా చాలాసార్లు అలాగే అనుకున్నాను. మనిషికి జీతం వచ్చే చోట ఎన్ని మరచిపోవాలో అన్నీ మరచిపోతాడు.

అప్పుడే రెండు గదుల మధ్య తేడా మొదలైంది. బల్ల మీద గెస్టు అందరితోపాటు తిన్నగా రేవు దాటేవాడు. కంప్యూటర్‌లో మాత్రం నీళ్ల అంచుకు వచ్చి, ఒక అడుగు వెనక్కి వేసేవాడు. ఆ తర్వాతే దాటేవాడు. ఏ రేవైనా అంతే. మిగతా వేషాలు ఏవీ అలా చేయవు. ఎవరూ చెప్పని అడుగు అది. పుస్తకంలో లేని అడుగు.

"బగ్" అన్నాడు బాస్. వాళ్ల భాషలో తప్పును అలా అంటారు. "కంపెనీ వాళ్లు పరీక్షకు వస్తున్నారు. ఇది ఉంటే ఒప్పుకోరు. సరిచెయ్యమ్మా" అని బోయిన్‌పల్లి అమ్మాయికి చెప్పాడు. అన్నింటికంటే గట్టిదని పేరున్న పిల్ల, వారం తిరిగినా సరిచేయలేదు. అడిగితే "దొరుకుతలేదు సార్" అనేది. కళ్లు కిందకు దించేది.

ఒక మధ్యాహ్నం టిఫిన్ డబ్బా కడుక్కోవడానికి వంటింట్లోకి వచ్చి, కొళాయి తిప్పకుండా అక్కడే నిలబడింది.

"అమ్మా, ఒకటి చెప్త. ఎవ్వలకు అనకు."

"చెప్పు బిడ్డా."

"తప్పెక్కడున్నదో నాకు ఎరుకే. గెస్టుకు పేరు పెట్టొద్దు గద. కానీ తెర మీద పేరు రాసే డబ్బా ఖాళీ ఇడిస్తే మెషీన్ ఒప్పుకుంటలేదు. ఏదో ఒకటి టైపు కొట్టాలె. మా అన్న పేరు కొట్టిన."

వాళ్లన్న పోయిన సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. పట్టాలు దాటుతుంటే రైలు కొట్టింది. ఇంకా ఏడాది కూడా తిరగలేదు.

"కొడితే ఏమైంది? ప్రేమ కొద్ది కొట్టినవ్."

"అది కాదమ్మా. మా అన్నకు చిన్నప్పటి సంది ఒక అలవాటు. పట్టాలు దాటే ముంగట ఒక అడుగు ఎన్కకు ఏస్తడు. అటూ ఇటూ చూస్తడు. అప్పుడు దాటుతడు. లారీ లెక్క రివర్స్ ఏందన్నా అని నవ్వుతుంటి నేను. ఆ దినం ఒక్కటే ఎయ్యలేదట. చూసినోళ్లు చెప్పిన్రు. సక్కగ పోయిండట."

కడుగుతున్న కప్పు పక్కన పెట్టాను.

"నేను నేర్పలే దానికి. ఒట్టు. పేరొక్కటే పెట్టిన. అడుగు అదే ఏస్తున్నది. ఇప్పుడు సార్ సరిచెయ్యమంటుండు. సరిచేస్తే ఏమైతదమ్మా? సక్కగ పోతడు. మల్ల ఆ దినం లెక్కనే. నా చేతులతోని నేనే పంపినట్టు గాదా?"

"దేవుడు చూసుకుంటడు బిడ్డా" అన్నాను. అంతకంటే పనికిమాలిన మాట నా జీవితంలో అనలేదు.

ఆ తర్వాత ఒకరోజు బాస్ పుట్టినరోజని అందరూ మధ్యాహ్నం బిర్యానీకి బయటికి వెళ్లారు. నేను శుక్రవారం ఉపవాసం, ఆగిపోయాను. పక్క గదిలో కంప్యూటర్ అలాగే వదిలేసి వెళ్లారు. తుడుద్దామని లోపలికి వెళ్లాను. తెర మీద వాగు. అందరూ దాటేసి అవతలి గట్టున ఉన్నారు. గెస్టు ఒక్కడే ఇవతల ఉన్నాడు. ముందుకు ఒక అడుగు, వెనక్కి ఒక అడుగు. ముందుకు, వెనక్కి. మీట నొక్కే వేలు అక్కడ ఎవరిదీ లేదు.

బయట రైలు కూసింది. అతను ఆగిపోయాడు.

రైలు వెళ్లిపోయేదాకా, ఆ చప్పుడు సీతాఫల్‌మండి వైపు సన్నగిల్లేదాకా, కదలలేదు. తర్వాత మళ్లీ ముందుకు, వెనక్కి.

నేను తుడవలేదు. చీపురు అక్కడే వదిలి బాల్కనీలోకి వచ్చి, వాళ్లు తిరిగి వచ్చేదాకా ఎండలో నిలబడ్డాను. ఎందుకమ్మా ఎండలో అంటే జలుబు చేసిందన్నాను.

పరీక్ష రోజు వచ్చింది. కంపెనీ తరఫున ఒక తెల్ల మేడమ్, ఆమెకు తోడుగా బెంగళూరు నుంచి ఒకాయన వచ్చారు. ఆయనకు మన మాట కొంచెం కొంచెం అర్థమవుతుంది. ముందురోజే బాస్‌కు సంగతి తెలిసిపోయింది. పేరు పెట్టిన డబ్బా ఆయన కంటపడింది. తిట్టలేదు. "నువ్వు తీసేస్తావా, నన్ను తీసెయ్యమంటావా?" అని మాత్రం అడిగాడట. "నేనే తీస్త సార్" అందట. తీసేసింది. డబ్బా ఖాళీగా ఉన్నా ఒప్పుకునేలా మెషీన్‌ను మార్చింది.

ఆట మొదలైంది. మేం బల్ల చుట్టూ కూర్చున్నాం. ఖాళీ కుర్చీ ముందు నా ఛాయ్ కప్పు. మేడమ్ దాన్ని చూసి చిన్నగా తలూపింది. సారు కథ అందుకున్నాడు. నేను అంకెలు అరుస్తున్నాను. ఎక్కడా తేడా లేదు. రేవు వచ్చింది. సారు ఎడమచేత్తో పాచిక వేశాడు. గది నిశ్శబ్దమైంది. నేను కిటికీలోకి మెల్లగా అంకె చెప్పాను.

అవతలి గదిలో కుర్చీ జరిగిన చప్పుడు. తర్వాత బాస్ గొంతు: "పేరు తీశాం కదా! మళ్లీ ఎందుకేస్తున్నాడు?"

వెనక్కి అడుగు వేశాడన్నమాట. పేరు లేకుండానే.

మేడమ్ కోప్పడలేదు. బల్ల మీది ఆటను పుస్తకంలో ఉన్నట్టు చివరిదాకా పూర్తిచేయమంది. పూర్తిచేశాం. సారు లేచి కుర్చీని గోడవైపు తిప్పాడు. "ఇగ పోయిరా భాయ్" అన్నాడు. మేమూ అన్నాం.

మేడమ్ బెంగళూరు ఆయన వైపు వంగి ఏదో అడిగింది. ఆయన చెప్పాడు. ఆమె ముఖం మారిపోయింది. పుస్తకం తీసి ఒక వాక్యం మీద వేలు పెట్టింది.

"వెళ్లు అని చెప్పాలి అంటున్నారు మేడమ్" అన్నాడాయన. "మీరు వెళ్లి మళ్లీ రమ్మంటున్నారు. రోజూ ఇలాగే అన్నారా అని అడుగుతున్నారు."

ఇన్నాళ్లూ ప్రతి సాయంత్రం అతన్ని మళ్లీ రమ్మని పిలిచాం. అతను వచ్చాడు.

"మేడమ్‌కు చెప్పుండ్రి" అన్నాడు సారు, "మా దిక్కు గడపల నిలబడ్డోన్ని ఎవ్వలనీ 'పో' అనరు. నోటెంట రాదు."

"ఒక్క మాటే కదా సార్" అన్నాడు కిటికీలోంచి బాస్.

"అట్లయితే నువ్వు అను."

బాస్ కిటికీలోంచి తల వెనక్కి తీసుకున్నాడు. ఆయన ఊళ్లో కూడా "వెళ్లిరండి" అనే అంటారు మరి. అందరూ నావైపు చూశారు, గొంతు పెద్దదని. నేను తల తిప్పి బల్ల వైపు చూశాను. కుర్చీ ముందు, ఆట మొదట్లో పెట్టిన కప్పులోంచి ఇంకా ఆవిరి లేస్తోంది.

అప్పుడు ఆ పిల్ల పక్క గదిలోంచి వచ్చింది. ఎవరివైపూ చూడలేదు. కుర్చీ దగ్గరకు వెళ్లి, వీపు మీద చెయ్యేసింది, మనిషి భుజం మీద వేసినట్టు.

"అన్నా" అంది. "చాలా దినాలు ఆపిన నిన్ను. బుక్కుల లేని అడుగు ఏపిచ్చిన. నాకు ఇష్టమని ఏసినవ్ నువ్వు. ఇగ చాలు. పో అన్నా. మల్ల రాకు."

కుర్చీ మీంచి చెయ్యి తీసేసింది.

బయట రైలు ఏదీ లేదు. ఆ కాసేపు సికింద్రాబాద్‌లో ఏ రైలూ కదలలేదేమో అనిపించింది నాకు.

మళ్లీ మొదటి నుంచి ఆడించమంది మేడమ్. అంకెలు నేనే అరిచాను. రేవు దగ్గర నాకు ఉండబట్టలేదు. లేచి కిటికీకి ముఖం ఆనించి చూశాను. వైద్యుడు దాటాడు, దొంగ దాటాడు, నా ముసలమ్మ పడవ దాటించింది. చివర్న గెస్టు నీళ్ల అంచుకు వచ్చాడు. ఆగలేదు. వెనక్కి వేయలేదు. సక్కగ పోయాడు.

బాస్ చప్పట్లు కొట్టబోయి, ఆ పిల్ల ముఖం చూసి చేతులు దించుకున్నాడు. ఆమె తెర మీద వేలు పెట్టింది, అడుగు పడాల్సిన చోట. అక్కడ ఉత్త ఇసుక తప్ప ఏమీ లేదు. "పోయిండు" అంది, నాకు మాత్రమే వినిపించేలా.

ఆట ఒప్పుకున్నారు. పుస్తకానికి ఇంత దగ్గరగా చేసినవాళ్లు వేరే ఎవరూ లేరని మేడమ్ మెచ్చుకుందట. మర్నాడు పొద్దున నేను తలుపు తీస్తే కుర్చీ గోడవైపే ఉంది. అలవాటు కొద్దీ దాని ముందు కప్పు పెట్టాను. సాయంత్రానికి మీగడ కట్టి, పెట్టింది పెట్టినట్టే ఉంది. సారును అడిగాను, ఇన్నాళ్లూ ఆ ఛాయ్ తాగింది మీరు కాదా అని. "నువ్వు పారబోస్తున్నవ్ అనుకున్న అక్కా" అన్నాడు.

ఇందులో ఎవరి పేరూ చెప్పలేదని మీరు గమనించే ఉంటారు. మరచిపోయి కాదు. కింది వాటా ఓనరు కుక్క పేరు కూడా గుర్తుంది నాకు. ఆ అబ్బాయి పేరు ఇంకా బాగా గుర్తుంది. అనను.

కొన్నేళ్లకు ఆఫీసు మాదాపూర్ వెళ్లిపోయింది. అంత దూరం నా మోకాళ్లు పోలేమన్నాయి. ఆ తర్వాత ఒకసారి బోయిన్‌పల్లి మార్కెట్‌కు వెళితే టమాటా గంపల మధ్య నుంచి "పదిహేడు!" అని ఎవరో అరిచారు. ఆ పిల్లే. ఆదివారాల్లో నాయనకు సాయంగా వస్తోందట. నా సంచి లాక్కుని బస్టాపు దాకా తోడొచ్చింది. దారంతా నవ్విస్తూనే ఉంది. వాళ్లన్న మాట తను ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

బస్టాపులో సంచి నా చేతికిచ్చి, "పోయొస్త అమ్మా" అంది.

"పోయిరా బిడ్డా" అన్నాను. ఆ మాటను అంత గట్టిగా, అంత నిండుగా నేనెప్పుడూ అనలేదు. చుట్టూ నిలబడ్డవాళ్లు తిరిగి చూశారు.

రోడ్డు మీద లారీలు పోతున్నాయి. ఆమె అంచుకు వెళ్లి నిలబడింది. ఒక అడుగు వెనక్కి వేసింది. అటూ ఇటూ చూసింది. అప్పుడు దాటింది.